పచ్చళ్ల వ్యాపారానికి వాట్సాప్ బిజినెస్: లేబుళ్ల కోసమైనా పెట్టుకోవచ్చు

వాట్సాప్ బిజినెస్ యాప్ 2018లో వచ్చింది. కేటలాగ్ ఎలా పెట్టాలి, షాపు వేళలు ఎక్కడ రాయాలి అన్నవి ఇప్పటికి అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. రాజమండ్రిలో నేనూ మా తోడికోడలూ ఇంట్లోనే పచ్చళ్లు పట్టి అమ్ముతాం. కొన్నేళ్లుగా వాడుతున్నదాన్ని కాబట్టి చెబుతున్నాను, ఇందులో నాకు ప్రాణం లాంటివి లేబుళ్లు, అంటే ఒక్కో కస్టమర్ చాట్‌కి మనం తగిలించుకునే గుర్తులు.

కొత్త కస్టమర్, కొత్త ఆర్డర్, డబ్బు రావాలి లాంటివి యాప్‌లోనే ఉంటాయి. అసలు సుఖం మా సొంత లేబుళ్లు పెట్టుకున్నాక తెలిసింది. వాటిలో ముఖ్యమైనది 'వెల్లుల్లి వద్దు'. మా దగ్గర ఆవకాయ తీసుకునేవాళ్లలో వెల్లుల్లి ముట్టనివాళ్లు బాగానే ఉన్నారు. ఒకసారి కలిపాక రెబ్బలు ఏరినా లాభం లేదు, వాసన పట్టేసి ఉంటుంది. ఆ సంగతి కలపకముందే తెలియాలి.

వేసవిలో కొత్తపల్లి కొబ్బరి రకం మామిడికాయలు కొట్టించి, ముక్కలు తుడిచి ఆరబెట్టాక ఆ లేబుల్ నొక్కుతాను. వాళ్ల చాట్లన్నీ వరసగా వచ్చేస్తాయి. ఎవరికెన్ని కిలోలో కూడుకుని, అంత ముక్కకీ ఆవపిండి, కారం, ఉప్పు, పప్పునూనె వేరే బేసిన్‌లో కలిపి విడిగా జాడీకెత్తుతాం. ఆ తర్వాతే వెల్లుల్లి సంచి విప్పుతాం. మూడో రోజు తిరగకలిపేటప్పుడు కూడా గరిటెలు వేరే.

పోయిన వేసవిలో కూకట్‌పల్లి నుంచి ఒక పెద్దావిడ ఫోన్ చేశారు. అంతకు ముందు ఏడాది ఒక్కసారే కొన్నారు, మళ్లీ మాట్లాడింది లేదు. మాట్లాడుతూనే చాట్ తెరిస్తే పేరు కింద లేబుల్ కనిపించింది. "పిన్నిగారూ, పోయినేడులాగే వెల్లుల్లి లేకుండానే కదండీ?" అన్నాను. కాసేపు అటునుంచి మాట లేదు. "అంతమందిలో నా సంగతి ఎలా గుర్తుందమ్మా నీకు?" అన్నారు. యాప్‌లో రాసుకున్నామని ఉన్నదున్నట్టే చెప్పాను. ఆవిడ సంతోషం ఏమీ తగ్గలేదు. "రాసుకోవాలని అనిపించింది కదా, అది చాలు" అన్నారు. సాయంత్రానికి వాళ్ల చెల్లెలు, వియ్యపురాలు ఇద్దరూ మెసేజ్ పెట్టారు, వాళ్లకీ వెల్లుల్లి వద్దట. అప్పటిదాకా నేను దీన్ని మా పని తేలిక కోసమే అనుకున్నాను. కొనేవాళ్లకి ఇది ఇంత మర్యాదగా అనిపిస్తుందని తెలియదు.

అడిగినవాళ్లందరికీ ఇదివరకు "ఈ ఒక్క యాప్ చాలు" అని చెప్పేదాన్ని. ఇప్పుడు కొంచెం తగ్గించి చెబుతాను. డబ్బు వచ్చిందని లేబుల్ తనంతట తాను మారదు, పెట్టేదీ తీసేదీ మనమే. అందుకే రోజూ రాత్రి తోడికోడలు ఫోన్‌పే లెక్క పక్కన పెట్టుకుని సరిచూస్తుంది. కొత్త పచ్చడి వచ్చిందని అందరికీ చెప్పడానికి బ్రాడ్‌కాస్ట్ ఉంది కానీ, ఒక్కో లిస్టుకు 256 మందే. పైగా మన నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. అందుకని పార్సిల్‌లో "నంబరు సేవ్ చేసుకోండి" అని చీటీ పెడుతున్నాం. బ్రాడ్‌కాస్ట్ కూడా పండగలకీ, సీజన్ మొదట్లోనే పంపుతాం. రోజూ పంపితే ఎవరైనా విసుక్కుంటారు, బ్లాక్ చేస్తారు.

జవాబులు ముందే రాసిపెట్టుకునే క్విక్ రిప్లైలు 50 దాకా పెట్టుకోవచ్చు. ధరలకీ కొరియర్ చార్జీలకీ బాగా పనికొస్తాయి. "అమ్మా, బీపీ ఉంది, ఉప్పు తగ్గించి పడతారా?" అని అడిగినవాళ్లకి మాత్రం నేనే ఫోన్ చేస్తాను. ఉప్పు తగ్గితే ఆవకాయ నిలవుండదు, అది నోటితో నెమ్మదిగా చెప్పాల్సిన విషయం.

మాది పాతవాళ్లే ఏటేటా తిరిగొచ్చే వ్యాపారం, చూసుకునేది ఇద్దరం. అందుకే లేబుళ్లు మాకు ఇంతగా కలిసొచ్చాయి. దారినపోయేవాళ్లు కొనే దుకాణానికి ఇంత ఉపయోగం ఉండకపోవచ్చు. ఆర్డర్లు ఇంకా పెరిగి పనివాళ్లను పెట్టుకోవాల్సి వస్తే మేమూ వేరే ఏర్పాటు చూసుకోవాలేమో. ఈ వేసవికైతే ఇదే, 'జాడీ వెనక్కి రావాలి' అని కొత్తది ఒకటి కూడా పెట్టాం.