ఆన్‌లైన్‌లో చవగ్గా వస్తోందని గోమార్ల మందు కొనేవాళ్లు ఒక్క నిమిషం ఆగండి

కుక్కలున్నవాళ్లందరికీ. గోమార్లు, అదే కొన్ని వైపుల పిడుదులు అంటారు కదా, వాటికి మెడ మీద వేసే చుక్కల మందు ఆన్‌లైన్‌లో కొనబోతున్నట్టయితే ముందు ఇది చదవండి. మా డాక్టర్ గారి దగ్గర ఒక్క ట్యూబు ఐదొందల పైమాటే. ఒక పెద్ద యాప్‌లో ఎవరో సెల్లర్ మూడు కలిపి 449కి అమ్ముతున్నాడు. అదే కంపెనీ పేరు, అదే రంగు పెట్టె, నాలుగున్నర స్టార్లు. కొన్నాను. పైగా మా చెల్లికి కూడా లింకు పంపాను, అదొకటి.

మా ఇంట్లో రెండున్నాయి. బుజ్జిగాడు లాబ్రడార్, నాలుగేళ్లు, 31 కిలోలు. కర్రి వీధిలోంచి వచ్చింది, తొమ్మిదేళ్లుంటాయి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసినప్పుడు గుర్తుకి కత్తిరించిన చెవి ఇంకా అలాగే ఉంది. మందు కుక్క బరువును బట్టి వస్తుంది కాబట్టి ఆన్‌లైన్ ట్యూబు బుజ్జిగాడికే వేశాను. కర్రికి మాత్రం డాక్టర్ గారి దగ్గర అంతకుముందే కొన్న చిన్న ట్యూబు వేశాను. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

మందు వేసిన మూడో వారంలో మొదలైంది. మా బుజ్జిగాడికి పాల ప్యాకెట్ కత్తిరించే చప్పుడూ పెరుగు ప్యాకెట్ కత్తిరించే చప్పుడూ వేరు వేరుగా తెలుస్తాయి, ఎలా తెలుస్తాయో నాకిప్పటికీ అర్థం కాదు, పాలకు తల కూడా ఎత్తడు, పెరుగైతే మేడ మీదున్నా దిగి వస్తాడు. ఆ రోజు పెరుగు ప్యాకెట్ కత్తిరిస్తే రాలేదు. సరే వానలు పడుతున్నాయి, అరగలేదేమో అనుకున్నాం. మర్నాడు సగం అన్నం వదిలేశాడు. ఒళ్లు కాస్త వేడిగా అనిపించింది గానీ కుక్కలకి మామూలుగానే 101, 102 దాకా ఉంటుంది కదా, చేత్తో పట్టుకుంటే ఏం తెలుస్తుంది. మా అత్తగారు పారాసిటమాల్ సగం బిళ్ల వేద్దామన్నారు. ఎక్కడో చదివిన గుర్తుండి వద్దన్నాను. మన బిళ్లలు మనంతట మనమే వాటికి వేసేయకూడదు, పిల్లులకైతే పారాసిటమాల్ ప్రాణమే తీస్తుంది.

గోమార్ల వల్ల వచ్చే జ్వరమేమోనని మా ఆయన రెండో రోజే అన్నారు. నేనే కొట్టిపారేశాను. మందు వేశాం కదా, ఇంకా గోమార్లేంటి అని. నాకు కడుపు మండేది ఇక్కడే. పోయిన 449 పోతే పోయింది, ఆ నకిలీ మందు వేశామన్న ధైర్యంతో ఐదు రోజులు పోగొట్టుకున్నాం. ఏ మందూ వెయ్యకపోయి ఉంటే మొదటి రోజే చెవుల లోపల, వేళ్ల సందుల్లో వెతికేదాన్ని.

కర్రికి మాత్రం ఏదో తెలిసిపోయింది. మామూలుగా బుజ్జిగాడు దాని గోనెపట్టా మీద కాలు పెడితే చాలు, గుర్రుమంటుంది. అలాంటిది మూడో రోజు నుంచి వాడు వెళ్లి దాని పట్టా మీద పడుకుంటే లేచి పక్కన గచ్చు మీద పడుకునేది. మాటిమాటికీ వచ్చి వాడి ముక్కు, పొట్ట కింద వాసన చూసేది. మేమేమో దీనికి వయసొచ్చి మెత్తబడిందని నవ్వుకున్నాం. ఐదో రోజు రాత్రి మూడింటికి పడకగది తలుపు గీకడం మొదలుపెట్టింది, ఎప్పుడూ చెయ్యని పని. తలుపు తీస్తే ముందు నడుస్తూ, నేను వస్తున్నానా లేదా అని వెనక్కి చూస్తూ హాల్లోకి తీసుకెళ్లింది. తెల్ల టైల్స్ మీద నాలుగైదు రక్తపు చుక్కలు. వాడి ఎడమ ముక్కులోంచి కారుతోంది. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్లు పాలిపోయి సున్నం పూసినట్టున్నాయి. పొట్ట మీద చిన్న చిన్న ఎర్రటి మచ్చలు. పొద్దున చూసి దోమకాట్లు అనుకున్నవి అవే.

తెల్లారగానే ఆసుపత్రికి పరిగెత్తాం. రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు 34 వేలు, కనీసం రెండు లక్షలైనా ఉండాలట. ఎర్లికియా అన్నారు డాక్టర్ గారు, గోమారు కాటుతో ఒంట్లోకి వచ్చే బ్యాక్టీరియా. చెవి మడత తిప్పి చూపించారు, బఠాణీ గింజంత ఉబ్బి నాలుగు అతుక్కుని ఉన్నాయి. మందు వేశామండీ అన్నాను. రెండోదానికి ఉన్నాయా అని అడిగారు. కర్రి ఒంటి మీద వెతికితే ఒక్కటి లేదు. ఇద్దరూ తిరిగేది ఒకే పెరట్లో, ఒకే సందులో. అప్పుడడిగారు, ఎక్కడ కొన్నారు అని.

మిగిలిన రెండు ట్యూబులు తీసుకెళ్లి ఆయన దగ్గరున్నదాని పక్కన పెట్టాం. అసలుదాంట్లో ట్యూబు మీద కూడా బ్యాచ్ నంబరు ఉంది, నాదాంట్లో పెట్టె మీద మాత్రమే ఉంది. గడువు తేదీ స్టిక్కర్‌ని గోటితో గీకితే కింద ఇంకో తేదీ. లోపల వాడే విధానం కాగితం లేదు. మూత విరిస్తే వట్టి స్పిరిట్ వాసన. కంపెనీ కస్టమర్ కేర్‌కి ఫొటో పంపితే ఆ బ్యాచ్ నంబరు మాది కాదని జవాబిచ్చారు. యాప్ వాళ్లు మాత్రం వాపసు గడువు దాటిపోయిందన్నారు. గట్టిగా అడిగితే, పార్సిల్ విప్పేటప్పుడు తీసిన వీడియో ఉందా అన్నారు. గోమార్ల మందుకి వీడియో తీసుకునేవాళ్లు ఎవరండీ? 1915, వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాక డబ్బులు వెనక్కి వచ్చాయి. ఆ సెల్లర్ ఇంకో పేరుతో అదే ఫొటో పెట్టి మళ్లీ అమ్ముతున్నాడు, నిన్న రాత్రి కూడా చూశాను. పశువుల మందులకీ డ్రగ్ ఇన్‌స్పెక్టర్లే కాబట్టి అక్కడ కూడా కాగితం ఇచ్చాం. ఏమవుతుందో చూడాలి.

కొనేవాళ్లు బిల్లు ఇచ్చే షాపులోనో డాక్టర్ దగ్గరో కొనండి. ఆన్‌లైన్‌లోనే కొంటే రేటింగ్ కాదు, సెల్లర్ ఎవరో చూడండి. వచ్చాక ట్యూబు మీద నంబరూ పెట్టె మీద నంబరూ కలుస్తున్నాయా చూడండి, ట్యూబులూ పెట్టే పారెయ్యకండి, మాకు సాక్ష్యం అవే అయ్యాయి. అసలు మందు వేసినా సరే, వెంట్రుకలు పాయ తీసి చర్మం మీద పడేలా వెయ్యాలి, ముందూ వెనకా రెండు రోజులు స్నానం చేయించకూడదు. ఇంట్లో పిల్లి ఉంటే పెర్మెత్రిన్ ఉన్న మందు కుక్కకి వెయ్యకండి, పిల్లి దాన్ని నాకినా, రాసుకున్నా చచ్చిపోవచ్చు. మందు ఖరీదని కిరోసిన్ పుయ్యడం, చీమల మందు చల్లడం చేస్తుంటారు కొందరు, దయచేసి వద్దు. ఇంకోటి, ఈ గోమార్లు ఎక్కువ కాలం ఉండేది కుక్క మీద కాదు, గోడ పగుళ్లలో, తలుపు సందుల్లో. ఒక్కొక్కటి వేల గుడ్లు పెడుతుంది. మేం పెరటి గోడ పగుళ్లన్నీ సిమెంటుతో పూడిపించాం.

బుజ్జిగాడికి డాక్సీసైక్లిన్ 28 రోజులు. ఖాళీ కడుపున వేస్తే కక్కేస్తాడు, అన్నం తిన్నాకే వెయ్యాలి. అంతా కలిపి 11 వేల దాకా అయింది. ప్లేట్‌లెట్లు ఈమధ్య చేయించిన పరీక్షలో 2 లక్షల 10 వేలు. ఆ రిపోర్టు రావడానికి ముందురోజు సాయంత్రం వాడు మళ్లీ గోనెపట్టా మీద కాలు పెట్టాడు. కర్రి గుర్రుమంది.