తూకం చీటీల లెక్క: పోస్ట్‌గ్రెస్‌తో ఆరు మామిడి సీజన్లు

చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీలో కంప్యూటర్ల పని నాది. జూన్, జులై నెలల్లో తోతాపురి కాయలతో ట్రాక్టర్లు గేటు బయట బారులు తీరుతాయి. వేబ్రిడ్జి దగ్గర ప్రతి బండికీ రెండు తూకాలు: కాయతో ఒకటి, దించాక ఖాళీగా మరొకటి. ఆ చీటీలన్నీ ఆరేళ్లుగా పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లోనే ఉన్నాయి. ఇంకా ఎన్ని బండ్లు దించాలో గేటు దగ్గరి తెర ఎప్పుడూ చూపిస్తూ ఉండాలి.

మాకు మొదట రాసి ఇచ్చిన ప్రోగ్రాం చీటీలన్నిటినీ కంప్యూటర్లోకి లాగి, ఆ తర్వాత లెక్కపెట్టేది. ఒక రాత్రి తెర బిగుసుకుపోయింది. పొద్దున్నుంచి తిండి లేని రైతు కిటికీ దగ్గరికి వచ్చి, "సార్, నా ముందు ఎన్ని బండ్లున్నాయి?" అని అడిగితే చెప్పలేకపోయాను. లెక్క డేటాబేస్‌లోనే జరగాలని అప్పుడే నిర్ణయించుకున్నాను.

వరుసలెన్నో డేటాబేస్‌నే లెక్కపెట్టమనే ఆదేశం కౌంట్ స్టార్, అంటే count(*). అది వాడితే చాలావరకు తేలికపడింది. అయితే పట్టిక పెరిగేకొద్దీ అదీ నెమ్మదించింది. ఇది పోస్ట్‌గ్రెస్ లోపమని నేను అనను. ఒకరు చీటీ రాస్తుండగా మరొకరు లెక్క అడిగితే, ఇద్దరికీ వేర్వేరు అంకెలు సరైనవే కావచ్చు. అందుకే పోస్ట్‌గ్రెస్ మొత్తాన్ని ఒక చోట రాసి పెట్టుకోకుండా అడిగినప్పుడల్లా లెక్కపెడుతుంది. మైఎస్‌క్యూఎల్ అనే మరో డేటాబేస్‌లో పాత మైఐసామ్ రకం పట్టికలు మొత్తం అంకెను దాచుకునేవి. అందులోనే ఇప్పటి రకమైన ఇన్నోడీబీ మాత్రం ఇదే కారణంతో దాచుకోదు.

దించని బండ్లకు మాత్రమే ఒక పాక్షిక ఇండెక్స్, అంటే పట్టికలో కొన్ని వరుసలనే త్వరగా వెతికిపెట్టే సూచిక, కట్టాను. 2012లో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 9.2 వెర్షన్ నుంచి అసలు పట్టికను తాకకుండా ఇండెక్స్‌తోనే లెక్క తేల్చే వీలుంది. అయినా సీజన్ నడుమ వేగం తగ్గింది. డేటాబేస్ ఒక పనిని ఎలా చేసిందో చూపే ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ పెట్టి చూస్తే 'హీప్ ఫెచెస్' అన్న చోట పెద్ద అంకె కనబడింది. అంటే ఇండెక్స్‌లో దొరికిన వరుసలు చెల్లుతాయో లేదో చూడటానికి మళ్లీ పట్టికలోకే వెళ్తోంది. పాత వరుసలను ఊడ్చి, అన్నీ చెల్లే పేజీలకు గుర్తు పెట్టే వ్యాక్యూమ్ ఆదేశాన్ని నడిపాక అది సున్నా అయింది. దానంతటదే ఈ పని చేసే ఆటోవ్యాక్యూమ్ మామూలుగా ఐదో వంతు వరుసలు మారేదాకా ఆగుతుంది. మా పట్టికకు ఆ హద్దును 0.2 నుంచి 0.02కు దించాను. అన్నిటికన్నా మేలు చేసిన మార్పు ఇదే.

స్టార్ బదులు బ్రాకెట్లో 1 పెట్టే కౌంట్ వన్ వేగంగా ఉంటుందనే మాట నమ్మకండి, అలాంటి లాభమేమీ లేదు. కానీ బ్రాకెట్లో ఖాళీ తూకం కాలమ్ పేరు పెడితే, నల్ ఉన్న, అంటే ఆ తూకం ఇంకా రాయని, చీటీలు లెక్కలోకి రావు. లోపల దించుతున్న బండ్లన్నీ అలా ఒకసారి మా లెక్కలోంచి తప్పిపోయాయి. రైతుకు బకాయి ఉందా లేదా అన్నంత వరకే కావాలంటే, ఉందో లేదో మాత్రమే చెప్పే ఎగ్జిస్ట్స్ చాలు. మొదటి వరుస దొరకగానే ఆగిపోతుంది.

మేనేజరు చూసే మొత్తం చీటీల అంకెకు పోస్ట్‌గ్రెస్ తనలో రాసిపెట్టుకునే రెల్‌టుపుల్స్ అనే వరుసల అంచనా సరిపోతోంది. రైతులకు డబ్బు కట్టే రోజు మాత్రం అంచనాను దగ్గరికి రానివ్వను. కౌంట్ స్టార్ ఎంతసేపు తీసుకున్నా కూర్చుంటాను.