రవ్వ రాల్చే బ్లేడు: ఫైబర్ సిమెంట్ ప్లాంకుల మీద రెండు వానాకాలాలు

ఫైబర్ సిమెంట్ ప్లాంకు (సిమెంటు, పీచు కలిపి చేసిన, గోడలకూ సీలింగుకూ బిగించే పలచటి బోర్డు) కొయ్యడానికి ఏం కావాలని బెంగళూరులో ఏ హార్డ్‌వేర్ షాపులో అడిగినా 4 అంగుళాల మార్బుల్ కట్టరే చూపిస్తారు. కోస్తుంది, కాదనను. కానీ 30 బై 40 అడుగుల సైటులో, పక్కింటి బాల్కనీకి నాలుగడుగుల దూరంలో దాన్ని ఆన్ చేసి చూడండి. రెండు ప్లాంకులు అయ్యేసరికి వాళ్లు ఆరేసిన బట్టలన్నీ బూడిద రంగులోకి వస్తాయి. ఆ ఒక్క బాధ తగ్గించినందుకే సర్క్యులర్ సాకు (గుండ్రటి బ్లేడు తిరిగే చేతి రంపానికి) బిగించే 185 మిల్లీమీటర్ల నాలుగు పళ్ల పీసీడీ బ్లేడంటే (వజ్రపు పొడిని ముద్దగా గట్టిపరిచిన ముక్కలే దీని పళ్లు) నాకు ఇంత ఇష్టం. మిగతా గుణాలన్నీ దాని తరవాతే.

తేడా మొదటి కోతలోనే, కింద పడ్డ దాంట్లో తెలిసిపోతుంది. మార్బుల్ బ్లేడు రాల్చేది మైదా. వేళ్ల మధ్య జారిపోతుంది, కట్టర్ ఆపాక కూడా చాలాసేపు గాలిలోనే ఉంటుంది. పీసీడీ రాల్చేది బొంబాయి రవ్వ. చేతికి గరుగ్గా తగులుతుంది, చాలావరకు కోసిన చోటే కుప్పపడుతుంది. మార్బుల్ బ్లేడు అంచుకున్న వజ్రపు రేణువులు బోర్డును అరగదీస్తాయి. పీసీడీ పన్ను ఉలిలాగా చెక్కుతుంది.

పళ్లు నాలుగే ఎందుకన్నది లెక్క వేస్తే తెలుస్తుంది. రంపం నిమిషానికి 5,000 చుట్లు తిరిగితే నాలుగు పళ్లకు 20,000 కాట్లు. నిమిషానికి 3 మీటర్ల చొప్పున నెడితే ఒక్కో పన్ను 0.15 మి.మీ. చెక్కుతుంది. అదే రంపానికి చెక్క కోసే 40 పళ్ల కార్బైడ్ (గట్టి లోహపు మొనల) బ్లేడు బిగించి అంతే వేగంతో నెడితే ఒక్కో పన్నుకు వచ్చేది 0.015 మి.మీ. అంత పలచగా సిమెంటును చెక్కడం జరగదు, రుద్దుకోవడమే. పొగలాంటి ధూళి, వేడి, పైగా బోర్డులోని సిలికా (ఇసుకలో ఉండే గట్టి ఖనిజం) ఆ కార్బైడ్ మొనను ఒక్క పూటలో మొద్దు చేస్తుంది. పళ్లు ఎక్కువుంటే కోత నున్నగా వస్తుందన్నది చెక్క పనిలో నేర్చుకున్న మాట, దాన్ని ఇక్కడికి తేకూడదు. నెమ్మదిగా నెడితే జాగ్రత్త అనుకోవడం కూడా పొరపాటే. నిమిషానికి ఒక మీటరుకు దించేస్తే ఈ బ్లేడు కూడా మైదానే రాలుస్తుంది. సమంగా, కొంచెం ధైర్యంగా నెట్టాలి.

ఇక దెబ్బతిన్న సంగతి. గోడ నుంచి విప్పిన పాత ప్లాంకులను పొట్టి చేసి మళ్లీ వాడుతున్నప్పుడు, ఒకదాంట్లో పుట్టీ కింద స్క్రూ తల దాగి ఉంది. పైన రెండు కోట్ల పెయింటు ఉండటంతో కంటికి ఆనలేదు. ‘ఠంగ్’మని ఒక్క చప్పుడు, ఒక పన్ను పోయింది. పీసీడీ సిలికా రాపిడికి చాలాకాలం ఓర్చుకుంటుంది, ఉక్కు దెబ్బకు మాత్రం పెళుసు. అసలు నష్టం ఆ తరవాత జరిగింది. మిగిలిన మూడు పళ్లతో రోజు గడిపేద్దామని పని ఆపలేదు. ఖాళీ అయిన పన్ను వెనక వచ్చే పన్ను రెండు వాటాలు మొయ్యాలి, 0.15 బదులు 0.30 మి.మీ. పది పన్నెండు కోతల్లో దాని మూల కూడా లేచిపోయింది. రంపం చప్పుడు ఒకే శ్రుతిలో ఉండకుండా టకటకమని కొట్టుకోవడం, ప్లాంకు అంచున పెచ్చులు లేవడం అప్పటికే చెబుతున్నాయి. ఒక్క పన్ను పోయిందంటే బ్లేడు అప్పుడే దించెయ్యాలి.

బాగు చేయించొచ్చు, కానీ గల్లీ చివర రంపాలకు పదును పెట్టే చోట కాదు. పీసీడీని మామూలు గ్రైండింగ్ రాయి అరగదీయలేదు, విద్యుత్ మెరుపుతో కరిగించే ఎరోషన్ మెషీన్ కావాలి. బెంగళూరు పారిశ్రామికవాడ పీణ్యలో ఒక చోట కొత్త ముక్కలు అతికించి నాలుగు పళ్లనూ ఒకే ఎత్తుకు తెచ్చి ఇచ్చారు. ఖర్చు కొత్త బ్లేడు ధరలో సగం దాకా వచ్చింది. అప్పటినుంచి పాత ప్లాంకు ఏదైనా సరే, కొయ్యబోయే గీత వెంట అయస్కాంతం జరిపి చూడనిదే రంపం పెట్టడం లేదు. గోడకు బిగించి ఉన్న ప్లాంకును కొయ్యాల్సి వస్తే వెనక జీఐ (జింకు పూత వేసిన ఇనుప) ఫ్రేమ్ ఉంటుంది కాబట్టి ఆ పనికి ఈ బ్లేడు వద్దు.

కోత లోతు బోర్డు మందం కన్నా 6 మి.మీ. ఎక్కువుంటే చాలు. సర్క్యులర్ సా పన్ను కింది నుంచి పైకి లేస్తుంది, పెచ్చులు పైముఖానే లేస్తాయి. అందుకే నునుపు ముఖం కింద పెట్టి, వెనకవైపు గీత గీసుకోవాలి. 8 మి.మీ. ప్లాంకులు మూడు ఒకదానిమీద ఒకటి పెట్టి క్లాంపు బిగిస్తే ఒకే ఊపులో తెగుతాయి, కింది రెండింటి అంచులు పైదానికన్నా శుభ్రంగా వస్తాయి. రంపానికి సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరు వేసి మూడో అంతస్తు దాకా లాగకండి. వోల్టేజి పడి చుట్లు తగ్గితే పన్ను మీద భారం అంతకంత పెరుగుతుంది.

జూన్ నుంచి అక్టోబరు దాకా ఇంకో తలనొప్పి. టార్పాలిన్ సరిగా కప్పక బోర్డు తడిసిందంటే రాలేది రవ్వ కాదు, బురద. పన్ను ముందున్న ఖాళీలో, బ్లేడు చెంపల మీద పేరుకుని గట్టిపడుతుంది, రంపం బరువెక్కుతుంది, అంచున పీచు వేలాడుతుంది. రెండు రోజులు నీడలో నిలబెట్టి ఆరనిచ్చాకే కొయ్యాలి.

ధూళి విషయంలో మొదట అన్నదాన్ని కొంచెం సవరించుకోవాలి. రవ్వ రాలుతుందంటే మైదా అసలు లేదని కాదు. ఊపిరితిత్తుల్లోకి దిగే సిలికా కంటికి కనబడనంత సన్నం, అది ఈ బ్లేడుతోనూ కొంత లేస్తుంది. అమెరికాలో కార్మికుల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఓషా 2016లో తెచ్చిన సిలికా నిబంధనల్లో 8 అంగుళాలకు మించని బ్లేడున్న చేతి రంపంతో ఫైబర్ సిమెంట్ కొయ్యడానికి విడిగా ఒక పద్దు ఉంది. ఆరుబయటే కొయ్యాలి, రంపానికి ధూళి లాగే ఏర్పాటు ఉండాలి, దాని ఫిల్టరు 99 శాతం పట్టాలి. ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనర్ తగిలిస్తే రవ్వను పట్టి మైదాను వెనకనుంచి గదిలోకి వదులుతుంది. ఎన్95 మాస్కుకు తక్కువైంది పనికిరాదు, తలగుడ్డ చుట్టుకుంటే సరిపోదు. కుర్రాళ్లు సాయంత్రం పొడి చీపురుతో ఊడ్చేస్తారు, దయచేసి ఊడ్వనివ్వకండి. నీళ్లు చిలకరించాకే ఎత్తాలి. బ్లేడు మంచిదని మొదటి నెలల్లో మాస్కు మీద పట్టు సడలించాను, అది తప్పు.

బ్లేడు ఎన్నాళ్లున్నా రంపం అన్నాళ్లు ఉండదు. సిమెంటు ధూళి కార్బన్ బ్రష్‌లను, స్విచ్చిని తినేస్తుంది.

కొనేటప్పుడు చూడాల్సినవి రెండే. నడిమి రంధ్రం మీ రంపం ఇరుసుకు సరిపోవాలి, రింగు వేస్తే వదులు లేకుండా కూర్చోవాలి. బ్లేడు మీద రాసిన గరిష్ఠ ఆర్‌పీఎం మీ మెషీన్ వేగం కన్నా ఎక్కువుండాలి. చిన్న సైజు పీసీడీ దొరికింది కదా అని నిమిషానికి 12,000 చుట్ల మార్బుల్ కట్టర్‌కో యాంగిల్ గ్రైండర్‌కో బిగించకండి. పన్ను ఊడితే ఎటు వస్తుందో చెప్పలేం.

ఒక్క పీసీడీ ధరకు మామూలు మార్బుల్ బ్లేడులు పది దాకా వస్తాయి. నా పనిలో నెలకు యాభై అరవై ప్లాంకులు, దాదాపు అన్నీ తిన్నటి కోతలు, చుట్టూ ఇళ్లు. కాబట్టి నాకు గిట్టుబాటైంది. స్విచ్ బోర్డు రంధ్రాలు, పైపు చుట్టూ వంపులు ఎక్కువున్న పనికి ఇది తిరగదు, వాటికి ఇప్పటికీ జిగ్ సా (సన్నటి బ్లేడు పైకీ కిందికీ ఆడే రంపం), కార్బైడ్ గ్రిట్ బ్లేడే వాడుతున్నాను. ఒక్క బాల్కనీ సీలింగు కోసమైతే, బోర్డు 6 మి.మీ. లోపుదైతే అసలు రంపమే అక్కర్లేదు. కార్బైడ్ మొన ఉన్న స్కోరింగ్ కత్తితో స్కేలు పట్టి నాలుగైదు గీతలు గట్టిగా గీసి, బల్ల అంచున పెట్టి విరిస్తే గీత వెంటే విరుగుతుంది.