ఫిల్టర్‌లోనే పని రాస్తే గడువు తేదీ దానంతటదే పడాలి: టాస్క్స్.ఆర్గ్‌పై నా అనుభవం

గుంటూరులో చిన్న వ్యాపారుల జీఎస్టీ, టీడీఎస్ పనులు చూస్తుంటాను. మా వృత్తిలో చేయాల్సిన పని ఏమిటో అందరికీ తెలుసు, ఎప్పటిలోగా అన్నదే టెన్షన్. నెలనెలా 7న టీడీఎస్ (చెల్లింపుల్లోంచి ముందే పట్టుకున్న పన్ను) కట్టాలి, 11న అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీఆర్-1, 20న పన్ను లెక్క చూపి కట్టే జీఎస్టీఆర్-3బి (మేం 3బి అంటాం). మూడు నెలలకోసారి రిటర్న్ వేసే పార్టీలకు (అంటే మా ఖాతాదారులకు) మన రెండు రాష్ట్రాల్లో 3బి గడువు 22. ఆలస్యమైతే 3బికి రోజుకు 50 రూపాయలు లేటు ఫీజు, లావాదేవీలేవీ లేని నిల్ రిటర్న్ అయితే 20. కట్టాల్సిన పన్ను ఉంటే ఏడాదికి 18 శాతం చొప్పున వడ్డీ. డబ్బు పోయేది పార్టీకి, మాట పడేది నేను.

అందుకే ఫోన్‌లో పనుల జాబితా లేకుండా నాకు రోజు గడవదు. చాలా ఏళ్లుగా ఆండ్రాయిడ్‌లో టాస్క్స్.ఆర్గ్ వాడుతున్నాను. ఆస్ట్రిడ్ అనే యాప్‌ను 2013లో యాహూ కొని మూసేశాక, ఆస్ట్రిడ్ ఓపెన్ సోర్స్ కోడ్ మీద కట్టిన యాప్ ఇది. ఓపెన్ సోర్స్ యాప్‌లు దొరికే ఎఫ్-డ్రాయిడ్‌లోనూ ఉంది. రంగులు, ఐకాన్ల గురించి నేను చెప్పేదేమీ లేదు. నన్ను ఇందులో నిలబెట్టింది ఒక్క విషయం: ఫిల్టర్ (మనం పెట్టిన షరతులకు సరిపోయే పనుల్నే చూపే జాబితా) తెరిచి ఉన్నప్పుడు కొత్త పని రాస్తే ఏం జరుగుతుందన్నది.

ఇంతకుముందు వాడిన ఒక యాప్‌లో ఫిల్టర్లు చూడ్డానికి మాత్రమే పనికొచ్చేవి. ‘ఈరోజు’ జాబితా తెరిచి పని రాస్తే, అది తేదీ లేకుండా ఎక్కడో అడుగున పడేది, కళ్ల ముందున్న జాబితాలో కనపడేది కాదు. రాశామా లేదా అన్న అనుమానంతో మళ్లీ రాయడం, సాయంత్రం చూస్తే ఒకే పని రెండుసార్లు ఉండడం. తేదీ లేని పని గడువుల జాబితాలో ఎప్పటికీ తేలదు కాబట్టి, రాసినా రాయనట్టే.

టాస్క్స్.ఆర్గ్‌లో ఫిల్టర్‌కు పెట్టిన షరతులే కొత్త పనికి అంటుకుంటాయి. ‘ఈరోజు’లో ప్లస్ నొక్కితే ఈరోజు తేదీ పడుతుంది. మనమే తయారుచేసుకున్న ఫిల్టర్లలోనూ అంతే. గడువుకు సంబంధించిన షరతులో ఈరోజు, రేపు, ఎల్లుండి, వచ్చే వారం, వచ్చే నెల లోపు అంటూ ఎంచుకోవచ్చు. ట్యాగ్ (పనికి తగిలించే గుర్తు మాట) షరతు పెడితే ఆ ట్యాగ్ కూడా కొత్త పనికి వస్తుంది.

నేను ఎక్కువగా వాడేది ‘నోటీసులు’ అనే ఫిల్టర్. రెండే షరతులు: నోటీసు అనే ట్యాగ్ ఉండాలి, గడువు వచ్చే వారం లోపు ఉండాలి. ఈ లెక్కకు కారణం ఉంది. జీఎస్టీఆర్-1లో చూపిన పన్ను కంటే 3బిలో కట్టింది బాగా తక్కువైతే జీఎస్టీ పోర్టల్ నుంచి డీఆర్‌సీ-01బి అనే నోటీసు వస్తుంది. ఏడు రోజుల్లో తేడా కట్టాలి, లేదా కారణం చెప్పాలి. రెండూ చేయకపోతే ఆ తర్వాతి జీఎస్టీఆర్-1 వేయనివ్వదు. అది ఆగితే ఆ పార్టీ దగ్గర సరుకు కొన్నవాళ్లకు ఐటీసీ (కొనుగోలు మీద కట్టిన పన్నుకు దక్కే మినహాయింపు) కనపడదు, వాళ్ల ఫోన్లు మొదలవుతాయి.

ఇలాంటి కబురు ఎప్పుడూ కౌంటర్ మీద నలుగురు ఉన్నప్పుడే వస్తుంది. “సార్, మెయిల్‌లో ఏదో నోటీసు వచ్చింది, ఒకసారి చూడండి” అని మిర్చి యార్డు నుంచి ఫోన్. వింటూనే ఫిల్టర్ తెరిచి, ప్లస్ నొక్కి, పార్టీ పేరు రాసి సేవ్ చేస్తాను. ట్యాగ్ ఉంది, ఏడు రోజుల తర్వాతి తేదీ కూడా పడింది. అయితే యాప్ ఏడు రోజులు లెక్కించేది నేను రాసిన రోజు నుంచి. నోటీసు మూడు రోజుల కిందటిదైతే గడువును మూడు రోజులు వెనక్కి జరపాలి. ఫోన్ పెట్టేయగానే పోర్టల్ తెరిచి నోటీసు తేదీ చూసి ఆ పని చేస్తాను. తేదీ అసలు లేకపోవడం కంటే, దిద్దాల్సిన తేదీ ఉండడం వెయ్యి రెట్లు నయం.

రిటర్న్‌లో తేడాల మీద అధికారి పంపే ఏఎస్‌ఎంటీ-10 నోటీసు సంగతి వేరు. దానికి జవాబు గడువు 30 రోజులు. ఇదే ఫిల్టర్‌లో రాసి తేదీని నెల తర్వాతకు మార్చితే, సేవ్ చేసిన క్షణంలో పని జాబితాలోంచి మాయమవుతుంది. ఎక్కడికీ పోలేదు, వారం లోపు అన్న షరతుకు అందలేదంతే. గడువు దగ్గరపడ్డాక తనే పైకి వస్తుంది. తెలియనివాళ్లు కంగారుపడేది ఇక్కడే. నేను ఇలాంటివాటికి ‘వచ్చే నెల లోపు’ అని ఇంకో ఫిల్టర్ పెట్టుకున్నాను.

షరతులు కలిపే తీరు కూడా తెలిసుండాలి. రెండు షరతులూ నెరవేరాలన్నప్పుడే వాటి విలువలు కొత్త పనికి వస్తాయి. ‘ఇదైనా సరే, అదైనా సరే’ అని ఆర్‌తో కలిపిన షరతు నుంచి ఏమీ రాదు. న్యాయమే, రెంటిలో ఏది కావాలో యాప్‌కు ఎలా తెలుస్తుంది? అందుకని ఆర్ ఉన్న ఫిల్టర్లు చూడ్డానికి, యాండ్ ఉన్నవి రాయడానికి అని విడదీసుకోవడం మంచిది.

నెలనెలా వచ్చే రిటర్న్‌లకు ఫిల్టర్‌తో పనిలేదు. గడువు తేదీ నుంచి నెలకోసారి రిపీట్ పెడితే పూర్తిచేయగానే తర్వాతి నెలకు వెళ్తుంది. ఒక్క మార్చి టీడీఎస్‌కే గడువు ఏప్రిల్ 30, దాన్ని చేత్తో మార్చుకోవాలి.

హోమ్ స్క్రీన్ మీద విడ్జెట్‌కు ఏ ఫిల్టర్‌నైనా ఇవ్వొచ్చు, దాని మీది ప్లస్ కూడా ఆ ఫిల్టర్ షరతులతోనే పని సృష్టిస్తుంది. నాకు యాప్ తెరవాల్సిన అవసరం సగం తగ్గింది దీనివల్లే. గూగుల్ టాస్క్స్‌తో సింక్ చేసేవాళ్లు మాత్రం గుర్తుంచుకోండి, బయటి యాప్‌లకు అది తెరిచిన దారిలో (ఏపీఐ) గడువు తేదీ మాత్రమే నిలుస్తుంది, గంట, నిమిషం నిలవవు. ట్యాగులు కూడా అటు వెళ్లవు. నాలాగా ట్యాగుల మీద ఆధారపడేవాళ్లకు క్యాల్‌డావ్ (క్యాలెండర్, పనుల జాబితాలను సర్వర్‌తో కలిపే ఓపెన్ పద్ధతి) సింక్ మేలు.

నేను కోరుకునే మార్పు ఒకటుంది. సేవ్ చేసిన పని ఈ ఫిల్టర్ పరిధి దాటిపోతే, ‘పలానా తేదీకి చేరింది’ అని కింద రెండు సెకన్లు చూపిస్తే చాలు.