డిస్నీల్యాండ్ మెయిన్ స్ట్రీట్‌లో ఆ వరండా ఎందుకుందంటే

కాలిఫోర్నియాలోని అనాహైమ్‌లో ఉన్న డిస్నీల్యాండ్ పార్కుకి వెళ్లినవాళ్లు, లోపలికి అడుగుపెట్టగానే వచ్చే షాపుల వీధి మెయిన్ స్ట్రీట్‌ని పరుగున దాటేస్తారు. రైడ్ల దగ్గర క్యూ పెరిగిపోతుందన్న టెన్షన్ మరి! పొద్దున మేమూ అంతే. మధ్యాహ్నం కాళ్లు పీకుతుంటే తిరిగి ఆ వీధికే వచ్చాం. అప్పుడు తెలిసింది, నిజంగా చూడాల్సిన షాపులు అక్కడే ఉన్నాయని.

వీధి చివర కనిపించే కోట వైపు నడుస్తుంటే కుడి పక్కన చైనా క్లోజెట్ అనే గిఫ్టుల షాపు, దాని పక్కనే చిన్న వరండా. కుర్చీలు కూడా వేసి ఉంటాయి. ఏమీ కొనకపోయినా హాయిగా కూర్చోవచ్చు. 1955లో పార్కు తెరిచినప్పుడు ఇక్కడ హాలీవుడ్-మాక్స్‌వెల్ కంపెనీ ఆడవాళ్ల లోదుస్తులు అమ్మేది. పిల్లల పార్కులో బ్రాల కొట్టేమిటని నవ్వొస్తుంది కానీ, కారణం డబ్బే. పార్కు కట్టడానికి వాల్ట్ డిస్నీ దగ్గర సరిపడా సొమ్ము లేదు. అందుకే చాలా షాపుల్ని బయటి కంపెనీలకు అద్దెకిచ్చారు. ఇక్కడైతే ఒక మాంత్రికుడి మర బొమ్మను నిలబెట్టి, రికార్డు చేసిన గొంతుతో లోదుస్తుల చరిత్ర చెప్పించేవారు! జనం మెచ్చినట్టు లేదు, కొద్ది నెలలకే కొట్టు మూతపడింది. సరుకు పోయింది, ఆ కొట్టు వరండా మాత్రం మిగిలింది.

అదే వీధిలో అప్‌జాన్ మందుల కంపెనీ పాతకాలపు మందుల షాపు పెట్టింది. అమ్మకం కన్నా ప్రదర్శనే ఎక్కువ. జలగల సీసాలు చూపించి, విటమిన్ మాత్రల బుల్లి సీసాలు ఊరికే పంచేవారు. అది 1970లో పోయింది. పొగాకు షాపు మాత్రం 1990 దాకా నడిచింది. దాని ముందు నిలబెట్టిన అమెరికా మూలవాసి (రెడ్ ఇండియన్) చెక్క బొమ్మ షాపు పోయాక కూడా అక్కడే ఉండిపోయింది. చదువురాని వాళ్లకు పొగాకు దొరికే చోటని గుర్తుగా పాత అమెరికాలో అలాంటి బొమ్మలు పెట్టేవారు. ఫొటో దిగేవాళ్లు చాలామందే గానీ, అదెందుకుందో అడిగేవాళ్లు కనబడలేదు.

నాకైతే ఆ పాత వింత కొట్లే నచ్చుతాయి. ఇప్పుడు షాపు పేరు ఏదైనా, లోపల మిక్కీ చెవులు, టీషర్టులే ఎక్కువ. మ్యాజిక్ షాపు కాస్త నయం. హాలీవుడ్ హాస్యనటుడు స్టీవ్ మార్టిన్ కుర్రాడిగా ఉన్నప్పుడు ఈ పార్కు మ్యాజిక్ కొట్లలో పనిచేశాడు.

బస విషయానికొస్తే, పార్కు పక్కనున్న హార్బర్ బులెవార్డ్ రోడ్డు మీద నడిచి వెళ్లగలిగే మోటెల్ తీసుకోండి. గది సాదాగా ఉన్నా ఫర్వాలేదు, మధ్యాహ్నం ఓ కునుకు తీసి మళ్లీ పార్కుకి రావచ్చు. కొనాల్సినవి కూడా అలా గదికి వెళ్లేటప్పుడే కొని పడేయండి. రాత్రి బాణసంచా అయ్యాక జనమంతా ఒక్కసారిగా మెయిన్ స్ట్రీట్‌లోని పెద్ద షాపు ఎంపోరియంలోకి చొరబడతారు, బిల్లు కౌంటర్ దాకా వెళ్లడమే గగనం.