బొగ్గు గనా, థంపరా, బట్టీయా? ఫ్రాస్ట్‌పంక్‌లో ఏది మేలు?

మా మేనకోడలు ఫ్రాస్ట్‌పంక్ అనే వీడియో గేమ్ ఆడుతుంటే మా నాన్నగారు వెనక నిలబడి కాసేపు చూశారు. మంచుగోతి నడుమ మండుతున్న ఆ పెద్ద జనరేటర్‌ను చూసి, "బొగ్గు ఎంత ఉందమ్మా?" అని అడిగారు.

"పద్దెనిమిది వందలు ఉంది తాతయ్యా, బోలెడు."

"వందల్లో కాదు, రోజుల్లో చెప్పు."

గంటకు ఎంత కాలుతోందో చూసి లెక్క వేస్తే సరిగ్గా మూడు రోజులు తేలింది. పైనున్న వాతావరణ పట్టీలో మరో రెండు రోజులకే చలి ఇంకో మెట్టు దిగబోతోంది. చలి దిగితే జనరేటర్‌ను పెంచాలి, పెంచితే ఆ మూడు రోజులు ఒకటిన్నర అవుతాయి. ఆమె ముఖంలో "బోలెడు" అన్న ధీమా పోయింది.

నాన్నగారు విశాఖ ఉక్కు కర్మాగారంలో కోక్ ఓవెన్ల దగ్గర, అంటే బొగ్గును గాలి తగలకుండా వేడిచేసి కోక్‌గా మార్చే బట్టీల దగ్గర, పనిచేసి రిటైరయ్యారు. ఆ ఓవెన్ల వరుసను కోక్ బ్యాటరీ అంటారు, దానిలో వేడి వెయ్యి డిగ్రీలు దాటి ఉంటుంది. ఒకసారి రాజేశాక ఏళ్ల తరబడి దాన్ని చల్లారనివ్వరు, చల్లారితే లోపలి సిలికా ఇటుక పగిలిపోతుంది. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్న మూడు బ్లాస్ట్ ఫర్నేసుల కడుపు నింపేది ఆ కోకే. అందుకే అక్కడివాళ్లకు బొగ్గు నిల్వ అంటే టన్నులు కాదు, ఎన్ని రోజులకు వస్తుందన్నదే. ఆ రోజు నుంచి నేనూ ఈ ఆటలో ఏది మేలు అన్న సందేహం వచ్చిన ప్రతిచోటా రెండే ప్రశ్నలు వేసుకుంటున్నాను. ఇది ఎన్ని రోజులు నిలబెడుతుంది? ఎన్ని చేతులను మింగుతుంది?

ఆట తెలియనివారికి నాలుగు మాటలు. పోలండ్‌కు చెందిన 11 బిట్ స్టూడియోస్ 2018 ఏప్రిల్‌లో దీన్ని విడుదల చేసింది. కథాకాలం 1886. ప్రపంచమంతా గడ్డకట్టింది, ఒక జనరేటర్ చుట్టూ ఊరు కట్టి జనాన్ని బతికించాలి. 'ఎ న్యూ హోమ్' అనే మొదటి ఘట్టంలో మన చేతికి వచ్చేది 80 మంది: 50 మంది కార్మికులు, 15 మంది ఇంజినీర్లు, 15 మంది పిల్లలు. నేను చెప్పేదంతా ఆ ఘట్టం గురించే, మామూలు కఠినతలో. 2024లో వచ్చిన రెండో భాగం నడిచే తీరు వేరు. అక్కడ ఈ లెక్కలు పనికిరావు.

ముందు బొగ్గు. నేల మీద పడి ఉన్న బొగ్గుకుప్పలు మొదటి వారం గడిపిస్తాయి. అవి అయిపోకముందే శాశ్వతమైన దారి ఒకటి చూసుకోవాలి. దారులు మూడు.

బొగ్గు గనిని బొగ్గు నిక్షేపం ఉన్నచోటే కట్టగలం. దానికి ఒక స్టీమ్ కోర్ కావాలి, అంటే పెద్ద యంత్రాలకు గుండెకాయలాంటి అరుదైన భాగం. ఈ ఆటలో బంగారం అంటే స్టీమ్ కోరే, ఊళ్లో తయారు చేసుకునే వీలు లేదు. కానీ గనికి పదిమంది చాలు. తవ్వినవాళ్లే తెస్తారు, మధ్యలో మోతకూలీ లేదు.

కోల్ థంపర్‌కు కోర్ అక్కర్లేదు. నేలను దభీదభీమని కొట్టి బొగ్గును పైకి తెస్తుంది. అయితే ఆ బొగ్గు నేరుగా గిడ్డంగికి రాదు, థంపర్ చుట్టూ కుప్పలుగా పడుతుంది. ఎత్తిపోయడానికి పక్కన గ్యాదరింగ్ పోస్ట్ కట్టాలి, థంపర్ జోరుకు తట్టుకోవాలంటే రెండు కట్టాలి. థంపర్‌లో పదిమంది, పోస్టుకు పదిమంది చొప్పున ఇరవై మంది. మొత్తం ముప్పై. కార్మికులే యాభై మంది ఉన్న ఊళ్లో ముప్పై మందిని ఒక్క యంత్రం దగ్గర నిలబెడితే కలప ఎవరు కొట్టాలి, ఉక్కు ఎవరు తేవాలి?

మూడోది కట్టెబొగ్గు బట్టీ. కలపను కాల్చి బొగ్గు చేస్తుంది. చవకగానే కనిపిస్తుంది గానీ, దాని వెనక కలప ఆగకుండా రావాలి. రంపపు మిల్లులకు చెట్లు ఏదో ఒక రోజు అయిపోతాయి. మంచుగోడలోంచి కలప తీసే వాల్ డ్రిల్‌కు మళ్లీ ఒక కోర్ పెట్టాలి. అంటే కోర్ ఖర్చు తప్పించుకున్నట్టు అనిపించడమే తప్ప, తప్పదు. పైగా ఇళ్లకూ కలపే కావాలి. నేను ఒకసారి రెండు బట్టీలు నమ్ముకుని నడిపాను. ఇరవయ్యో రోజున గుడారాలను మంచి ఇళ్లుగా మార్చాల్సిన సమయానికి గిడ్డంగిలో కలప సున్నా. జనం జబ్బుపడ్డారు.

నా తీర్పు ఇది. చేతికి వచ్చిన మొదటి కోర్‌ను గనికే ఇవ్వండి. కోర్ రాకముందే నేల మీది కుప్పలు అయిపోయేలా ఉంటే ఒక్క థంపర్, ఒక్క పోస్టు పెట్టి నెట్టుకురండి. గని లేచిన రోజున థంపర్‌ను కూల్చవద్దు, మనుషులను మాత్రం తీసేయండి. కొత్త జనం వచ్చి చేతులు పెరిగాక అది మళ్లీ పనికొస్తుంది. బట్టీని మాత్రం చిట్టచివర, కలప నిజంగా మిగులుతున్నప్పుడే చూడండి.

ఉన్న బొగ్గును కాల్చే తీరులోనూ తేడా ఉంది. జనరేటర్ పరిధిని పెంచుకుంటూ పోయేకన్నా, ఇళ్లనూ ఆసుపత్రులనూ దాని చుట్టూ దగ్గరగా వలయాల్లో కట్టుకుని, దూరంగా ఉన్న పనిచోట్లకు స్టీమ్ హబ్ (తన చుట్టుపక్కలకు మాత్రమే వేడినిచ్చే చిన్న కేంద్రం) పెట్టడం మేలు. హబ్‌ను పనివేళల్లో మాత్రమే నడిచేలా పెట్టుకోవచ్చు. రాత్రంతా ఖాళీ గనిని వెచ్చగా ఉంచి ఎవరికి లాభం? ఈ ఒక్క మార్పుతో మా మేనకోడలి మూడు రోజుల నిల్వ నాలుగు దాటింది. నాన్నగారు తల ఊపారు. ఆయన తల ఊపడం అంత సులువుగా దొరికేది కాదు.

పిల్లల సంగతికి వస్తే, ఇక్కడ నేను మనసులో మాట దాచను. ఆట మొదట్లోనే ఒక చట్టం మీద సంతకం పెట్టమంటుంది. పిల్లలను పనికి పంపుతారా, పిల్లల ఆశ్రయం కడతారా? ఒకటి ఎంచుకుంటే రెండోది శాశ్వతంగా మూసుకుపోతుంది. చేతుల లెక్క ప్రకారం చూస్తే పనికి పంపడమే లాభం. 65 జతల చేతులు 80 అవుతాయి. మొదటి వారంలో అది చిన్న బలం కాదు. వంటశాలలోనూ గ్యాదరింగ్ పోస్టుల్లోనూ పిల్లలను పెట్టి పెద్దవాళ్లను వేరేచోటికి పంపవచ్చు. మా మేనకోడలు అదే చేసింది. "ఆటే కదా మామయ్యా" అంది.

రోజుల లెక్క వేస్తే మాత్రం బొమ్మ తిరగబడుతుంది. చేతుల కరువు మొదటి పది రోజులదే. ఆ తర్వాత ఊరి బయట గాలించే స్కౌట్లు తెచ్చే జనంతో ఊరు నిండుతుంది. అప్పుడు కరువు ఇంజినీర్లకు. వర్క్‌షాపులో పరిశోధనకూ వాళ్లే, మెడికల్ పోస్టులో వైద్యానికీ వాళ్లే. చలిలో తిరిగి జబ్బుపడ్డ ప్రతి మనిషీ, పిల్లవాడైనా సరే, ఒక పడకను, ఇంజినీరు పనిగంటలను తీసుకుంటాడు. ఆశ్రయం కట్టినవాళ్లు తర్వాతి చట్టంతో ఆ పిల్లలను వైద్యులకో ఇంజినీర్లకో సహాయకులుగా పెట్టవచ్చు. చికిత్సో పరిశోధనో వేగం అందుకుంటుంది. నలభై రోజుల ప్రయాణంలో ఆ వేగం విలువ పదిహేను జతల చిన్న చేతులకన్నా ఎక్కువ.

ఇది లెక్క. లెక్క లేకపోయినా నేను ఆశ్రయమే కడతాను. బొగ్గుకుప్ప దగ్గర పార పట్టుకున్న పిల్లవాడి బొమ్మ తెర మీద కనిపిస్తే నా చేయి ఆగిపోతుంది. అత్యంత కఠినమైన స్థాయిలో ఆడేవారికి పిల్లల శ్రమ లేకుండా మొదటి వారం గడవడం నిజంగానే కష్టం, ఒప్పుకుంటాను. మామూలు స్థాయిలో మాత్రం ఆ అవసరం లేదు.

పనిగంటల చట్టం కూడా ఇలాంటిదే. 24 గంటల అత్యవసర షిఫ్టు ఒక రాత్రిలో గండం గట్టెక్కిస్తుంది, కానీ ప్రాణం పోయే ప్రమాదం ఉంది, అసంతృప్తి ఒక్కసారిగా లేస్తుంది. 14 గంటల పొడిగింపు షిఫ్టు నెమ్మదిగా నడిచే మందు. పొడిగింపు షిఫ్టును నేను వర్క్‌షాపుకు మాత్రమే పెడతాను. "డబుల్ డ్యూటీ చేసినవాడి కన్ను గేజీ మీద నిలవదు" అంటారు నాన్నగారు.

వర్క్‌షాపులో మొదట ఏమి పరిశోధించాలి, బీకనా, హీటర్లా? కొత్తవాళ్లు చలికి భయపడి హీటర్ల వైపు పోతారు. నేను బీకన్ అంటాను, అంటే స్కౌట్లను బయటికి పంపడానికి కావాల్సిన కట్టడం. బీకన్ లేనిదే స్కౌట్లు లేరు, స్కౌట్లు లేనిదే కోర్లూ లేవు, కొత్త మనుషులూ లేరు. అయిదుగురిని బయటికి పంపి నష్టపోయేది ఏమీ లేదు, ఒకే ఒక షరతు. జనాన్ని ఊళ్లోకి పిలిచేముందు గుడారాలు లేపండి. గుడారానికి పదిమంది. మన 80 మందికే ఎనిమిది కావాలి. ఇల్లు లేని అతిథి మర్నాటికి రోగి అవుతాడు. స్కౌట్లకు తర్వాత టెస్లా సిటీ అనే పాడుబడ్డ నగరం తగులుతుంది. తొందరపడి లోపలికి దూకించవద్దు. జాగ్రత్తగా దారి చేసుకుని అక్కడ అవుట్‌పోస్ట్ (సరుకు పంపే శిబిరం) నిలబెడితే కోర్లు వస్తూనే ఉంటాయి.

తిండి విషయం త్వరగా ముగిస్తాను. వేటగాళ్ల గుడిసెకు 15 మంది, కోర్ అక్కర్లేదు. పంట పండించే హాట్‌హౌస్‌కు పదిమంది, ఒక కోర్, దానికి తోడు వెచ్చదనం. మొదటి రెండు వారాలు వేటే మేలు, ఎందుకంటే ఆ కోర్ గనికి కావాలి. కోర్లు మిగిలాక హాట్‌హౌస్. సూప్ చట్టం పెట్టండి. మామూలుగా రెండు పాళ్ల సరుకుకు నాలుగు భోజనాలు వస్తే, సూప్‌తో అయిదు వస్తాయి. గంజి తాగి గట్టెక్కిన ఇళ్లు మనకు కొత్త కాదు. రంపపు పొట్టు కలిపితే ఆరు వస్తాయి గానీ, కడుపు చెడి మనుషులు పడకెక్కుతారు. ఆ ఒక్క భోజనం కోసం మెడికల్ పోస్టు నింపుకోవద్దు.

ఆట మధ్యలో వింటర్‌హోమ్ అనే మరో ఊరి వార్త వచ్చి జనం ఆశ కుప్పకూలుతుంది. అప్పుడు క్రమశిక్షణా, విశ్వాసమా అని రెండు దారులు తెరుచుకుంటాయి. క్రమశిక్షణ దారిలో కాపలా కేంద్రాలు, ఉదయపు సమావేశాలు. విశ్వాసం దారిలో ప్రార్థనాలయాలు, పనిచోటి సామర్థ్యం పెంచే గుళ్లు, ఇంజినీర్లు లేకుండానే నడిచే స్వస్థతాలయాలు. ఇంజినీర్ల కరువు గురించి పైన చెప్పాను కనుక నా మొగ్గు ఎటో మీకు తెలిసే ఉంటుంది. ఏ దారి అయినా చివరి చట్టం దాకా పోకండి. ఆ చట్టంతో ఆశ అనే కొలమానమే ఆటలోంచి మాయమవుతుంది. తిండీ వెచ్చదనమూ సరిగా ఉన్న ఊరికి దాని అవసరం రాదు.

ఇక చివరి తుపాను. నలభయ్యో రోజు అటూ ఇటుగా వస్తుంది, ఉష్ణోగ్రత మైనస్ 150 దాకా పడిపోతుంది. ఇక్కడ ఎంచుకోవాల్సింది ఒకటే. చివరి వారంలో ఇంకా కొత్త కట్టడాలు లేపాలా, నిల్వ పెంచాలా?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీదికి వచ్చింది. ముందు రోజు సాయంత్రం మా అమ్మ ఇంట్లో ఉన్న ఆరు ఇత్తడి బిందెలు, రెండు స్టీలు డ్రమ్ములు, అటక మీది పెళ్లినాటి గంగాళం దించి నీళ్లు పట్టింది. నేను మాత్రం కిటికీ రెక్కలకు చెక్కలు బిగించడంలో మునిగిపోయి ఉన్నాను. గాలి తగ్గాక చూస్తే చెక్కలు ఎగిరిపోయాయి, బిందెలు నిలిచాయి. మా వీధికి కరెంటు రావడానికి ఎనిమిది రోజులు పట్టింది. మోటారు లేదు, పైట్యాంకు ఎండిపోయింది. బిందెలు తాగడానికి, డ్రమ్ములు వంటకు, గంగాళం మిగతా అవసరాలకు అని అమ్మ గీత గీసి పెట్టింది. ఏడో రోజు పొద్దునకు ఒక బిందె ఇంకా నిండుగా ఉంది, దాన్ని పక్కింటి బాలింతకు పంపింది.

అందుకే నేను నిల్వ అంటాను. ముప్పై అయిదో రోజు నుంచి కొత్త కట్టడాలు ఆపి, ఆ చేతులన్నీ బొగ్గుకూ తిండికీ మళ్లించండి. గిడ్డంగులు నిండిపోతే ఇంకో గిడ్డంగి మాత్రం కట్టండి, అది నిల్వలోకే వస్తుంది. తుపానులో వేట ఉండదు కనుక వండిన భోజనాలు ముందే పేరుకోవాలి. స్కౌట్లను ముందే వెనక్కి పిలవండి. బొగ్గు లెక్కను ఇప్పటి మంట చూసి కాకుండా జనరేటర్‌ను పూర్తిగా పెంచినప్పటి మంట చూసి వేయండి. మా మేనకోడలు రెండోసారి ఆడినప్పుడు మామూలు మంటకు పదకొండు రోజులు వచ్చిన నిల్వ, పూర్తి మంటకు నాలుగున్నర రోజులే వచ్చింది. ఆ ఒక్క అంకె చూసి ఆమె పాత థంపర్‌ను మళ్లీ నడిపించింది.

తుపాను మొదలయ్యాక ఓవర్‌డ్రైవ్‌ను, అంటే జనరేటర్‌ను హద్దు దాటించి మండించడాన్ని, అదే పనిగా వదిలేయకండి. ఒత్తిడి వంద శాతానికి చేరితే జనరేటర్ పేలిపోతుంది, ఊరు అక్కడితో సరి. రాత్రి కొన్ని గంటలు పెట్టి, పొద్దున పనివేళల్లో ఆపి ఒత్తిడి దిగనివ్వండి. వెచ్చదనం చాలకపోతే ముందు వర్క్‌షాపు హీటరు ఆపండి, తర్వాత కర్మాగారాలవి. మెడికల్ పోస్టులదీ పిల్లల ఆశ్రయానిదీ వెచ్చదనం మాత్రం తగ్గించకండి.