ఎన్‌డీఏనా, ఏఎఫ్‌క్యాటా?

హన్మకొండలో ఇంటర్ ఎంపీసీ మొదటి సంవత్సరం చదువుతున్న మా మేనకోడలికి ఫైటర్ పైలట్ కావాలని పట్టుదల. ఇంటర్‌తో రాసే ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) పరీక్షా, డిగ్రీ అయ్యాక రాసే ఎయిర్‌ఫోర్స్ ప్రవేశ పరీక్ష ఏఎఫ్‌క్యాటా అన్నదే ఇప్పుడు ప్రశ్న. చదువుకునే బల్ల దగ్గర, దేశపు తొలి మహిళా ఫైటర్ పైలట్లలో ఒకరైన అవనీ చతుర్వేది ఫొటో అంటించుకుంది. 2016 జూన్‌లో భావనా కాంత్, మోహనా సింగ్‌లతో కలిసి దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో ఆఫీసర్‌గా కమిషన్ పొంది, 2018లో మిగ్-21 యుద్ధ విమానాన్ని ఒంటరిగా నడిపిన అవని.

ఆమె బీటెక్ చేశాకే వెళ్లింది. ఏఎఫ్‌క్యాట్ దారి అదే. డిగ్రీ చేతిలో ఉంటుంది, కానీ అమ్మాయిలకు ఫ్లయింగ్‌లో 14 ఏళ్ల షార్ట్ సర్వీసే. ఎన్‌డీఏకి ఇంటర్ చాలు. సుప్రీంకోర్టు 2021 ఆదేశంతో అమ్మాయిలకూ ఆ తలుపు తెరుచుకుంది. పుణె దగ్గర ఖడక్‌వాస్లాలోని అకాడమీలో మూడేళ్లు, ఆ తర్వాత ఎయిర్‌ఫోర్స్ శిక్షణ.

నన్నడిగితే ముందు ఎన్‌డీఏనే రాయాలి. రాకపోతే ఏఎఫ్‌క్యాట్ ఎలాగూ ఉంది, డిగ్రీ అయ్యాక ఎన్‌డీఏకి వయసు మిగలదు. అయితే పైలట్ ఆప్టిట్యూడ్ టెస్ట్ జీవితంలో ఒక్కసారే. అందులో పోతే రెండో దారిలోనూ ఫ్లయింగ్ దొరకదు. నా టెన్షన్ అంతా అదే.

మొన్న గుమ్మానికి ఆనించి నిలబెట్టి పెన్సిల్‌తో గీత గీశాం. 161 సెంటీమీటర్లు. ఫ్లయింగ్‌కు దాదాపు 163 కావాలి. "ఇంకా పెరుగుతా మామయ్యా" అంది.